లొరెయిన్ చేతి పసుపు రింగులు

జొహానెస్‌బర్గ్ నుంచి ఒక పగటి లారీ ప్రయాణం దూరంలో, చెరకు తోటల మధ్య ఉన్న మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లోని ఒక చక్కెర కంపెనీ కంప్యూటరు విభాగంలో లొరెయిన్ గురించి రెండు అభిప్రాయాలుండేవి. ఆమె అంత పద్ధతి గల మనిషి ఆ భవనంలోనే లేదన్నది ఒకటి. ఆమె పద్ధతితో వేగడం మామూలు మనుషుల వల్ల కాదన్నది రెండోది. రెండింటికీ తగిన ఆధారాలున్నాయి. మొదటిదాన్ని నమ్మినవారు రెండోదాన్ని కొట్టిపారేయవలసిన అవసరం కూడా లేదు.

ఆమె ఉద్యోగం టేపుల గదిలో. టేపు అనగానే పాటల క్యాసెట్ గుర్తుకు రావచ్చు గాని, ఆ గదిలోవి అవి కావు. ఒక్కొక్కటీ అన్నం తినే కంచమంత చుట్ట. పెద్ద కంప్యూటరులో పట్టని లెక్కలన్నీ ఆ చుట్టల మీదికెక్కి, నేల నుంచి కప్పు దాకా ఇనప బీరువాల్లో వరసగా నిలబడి ఉండేవి. ఎవరికి ఏది కావాలన్నా లొరెయిన్ తీసి, తుడిచి, యంత్రానికి తగిలించి, పని అయ్యాక తిరిగి దాని చోట పెట్టేది. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసిన టేపు దొరుకుతుందని ఆమె చెప్పుకునేది. ఒకసారి కరెంటు పోయినప్పుడు ఎవరో పరీక్షించారు కూడా. దొరికింది. అయితే వారడిగింది గుమ్మం పక్కనే ఉన్న టేపని గిట్టనివాళ్లు అంటారు.

ఆ గదిలో ఆమెకు రెండు నియమాలుండేవి. టేపు చుట్ట వెనక గుండ్రటి గాడి ఒకటి ఉంటుంది. అందులో పసుపు ప్లాస్టిక్ రింగు బిగిస్తేనే యంత్రం ఆ టేపు మీద రాయగలదు. రింగు తీసేస్తే చదవగలదే గాని, ఒక్క అక్షరం రాయలేదు. కనుక చదవడానికి ఇచ్చే ప్రతి టేపు నుంచీ ముందు రింగు లాగేసి, పని అయ్యేదాకా తన చేతికి తొడుక్కోవాలి. ఇది మొదటి నియమం. చదవడం పూర్తయిన టేపును మళ్లీ మొదటికంటా వెనక్కి చుట్టకుండా వదలకూడదు. ఇది రెండోది. సగంలో ఆగిన టేపును చూస్తే, ఎవరో అన్నం మధ్యలో కంచం ముందు నుంచి చెయ్యి కడుక్కోకుండా లేచిపోయినట్టు ఉండేది ఆమెకు.

మొదటి నియమం వల్ల ఆమె కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎప్పుడూ పసుపు రింగులే. ఇందులో ఒక చిక్కుంది. చెరకు కూలికి ఓడలో వచ్చిన తెలుగువాళ్ల సంతతి అయిన లొరెయిన్ అవ్వ చివరిదాకా ఇంట్లో దీపం పెట్టుకున్న మనిషే గాని, తల్లిదండ్రుల కాలంలోనే ఆ కుటుంబం ఇసిపింగోలోని పెంతెకోస్తు సంఘంలో చేరింది. బాప్తిస్మం తీసుకున్ననాడే లొరెయిన్ గాజులూ ముక్కుపుడకా తీసేసింది. ఆమె భర్త లెస్లీ అదే చర్చిలో గిటారు వాయిస్తాడు. భార్యను ఆఫీసు నుంచి తీసుకురావడానికి వచ్చినప్పుడల్లా ఆ చేయి చూసి అనేవాడు:

"దేవుడి కోసం గాజులు తీసింది మా లోరీ. కంపెనీ కోసం మళ్లీ తొడిగింది. పాస్టర్‌కి నేనేం చెప్పను?"

"ప్లాస్టిక్‌వి లెక్కలోకి రావని చెప్పు."

"బంగారంవైతే ఇంటికి తెచ్చేదానివి, అదీ చెప్తా."

వారి సంభాషణ ఇంగ్లీషులోనే. లొరెయిన్‌కు తెలుగు అవ్వ దగ్గర విన్నంతే వచ్చు. అందులో వరసలు, కూరల పేర్లు పోగా మిగిలినవన్నీ తిట్లు. చర్చివారు చెడ్డమాటలు కూడదంటారు. ఇంగ్లీషులో ఆమె నోట ఒక్క పరుష పదం ఎవరూ వినలేదు. టేపు మొరాయించినప్పుడు మాత్రం "నీ మొహం మండ, దిక్కుమాలినదానా" అని మెత్తగా, దాదాపు ముద్దుగా అనేది. అవి చెడ్డమాటలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అవ్వ మాటలు చెడ్డవెలా అవుతాయి?

ఇంత పద్ధతి గల మనిషి అక్కడ పద్దెనిమిదేళ్లు పనిచేసినా, అద్దాల గోడకు అవతల ఉన్న కుర్చీలో ఒక్కసారీ కూర్చోలేదు. అది కన్సోల్ ముందు కుర్చీ. అందులో కూర్చున్నవారే యంత్రానికి ఆజ్ఞలు టైపు చేస్తారు. ఇండియన్లు, అందులోనూ ఆడవాళ్లు, ఆ కుర్చీలో కూర్చోరాదని కంపెనీలో రాతపూర్వకంగా ఎక్కడా లేదు. రాయవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఎవరైనా అడిగితే, "టేపుల గది నువ్వు లేకపోతే నడవదు కదా" అనేవారు. మెచ్చుకోలు రూపంలో వచ్చిన నిరాకరణను కాదనడం కష్టం. లొరెయిన్ కాదనలేదు. దాన్ని మరిచిపోనూ లేదు. తెల్లవారి పెత్తనం ముగిసి, అన్ని జాతులవారూ కలిసి మొదటిసారి ఓటేసిన 1994 ఏప్రిల్‌లో ఇసిపింగో బడి ముందు ఓటు వరసలో ఎండలో నిలబడి వచ్చిన మర్నాడు, "దేశం కోసం నిలబడడం అయిపోయింది. కుర్చీ కోసం ఇంకా నిలబడే ఉన్నాను" అని లెస్లీతో అంది.

రెండేళ్ల తరువాత అవకాశం వచ్చింది. పాత పెద్ద యంత్రాన్ని తీసేసి కంపెనీ యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచే యంత్రం కొన్నది. దానితోపాటు హైదరాబాదు నుంచి కోటేశ్వరరావు వచ్చాడు. యూనిక్స్ బాగా తెలిసినవాడు, దేన్నీ రెండుసార్లు సరిచూడందే నమ్మనివాడు. ఇంటి తాళం వేశాక కారు దాకా వెళ్లి, తిరిగి వచ్చి తాళం లాగి చూస్తాడని అతని భార్య రత్నకుమారి చెప్పేది. మొదటిరోజు అతను "నమస్కారం, లొరెయిన్ గారూ" అన్నాడు. 'గారూ' తన పేరుకు ఎందుకు తగిలించాడో ఆమెకు అర్థం కాలేదు.

"నువ్వు తెలుగా? మా అవ్వ కూడా తెలుగు. నువ్వు నాకు అన్న," అంది వెంటనే.

ఆమె తనకంటే పెద్దదని చూడగానే తెలుస్తోంది. 'నువ్వు' అనిపించుకోవడం కోటేశ్వరరావుకు హైదరాబాదు వదిలాక అదే మొదలు. కాని వయసు అడిగి వరస సరిదిద్దేంత ధైర్యం అతనికి లేకపోయింది. అన్నగానే స్థిరపడ్డాడు.

విభాగానికి మేనేజరు హేజెల్. తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడినవన్నీ గుర్తుంచుకునేది. ఆమె ఒకరోజు ఇద్దరినీ పిలిచింది.

"చెరకు పరిశోధనవాళ్ల టేపులున్నాయి. ఏళ్ల తరబడి రోజువారీ వాన లెక్కలు, ఏ రకం చెరకు ఏ మడిలో ఎంత పెరిగిందన్న కొలతలు. అవి వారికి మరెక్కడా లేవు. పాత యంత్రం పోయింది గనక, కొత్త యంత్రానికి తగిలేలా టేపులు చదివే డ్రైవ్ యంత్రం ఒకటి జొహానెస్‌బర్గ్ నుంచి అద్దెకు తెప్పించాను. వచ్చే శుక్రవారం అద్దెకిచ్చినవాళ్ల లారీ వచ్చి దాన్ని తీసుకుపోతుంది. ఈలోగా ఆ టేపులన్నీ డిస్కు మీదికి కాపీ కావాలి." తరువాత లొరెయిన్ వైపు తిరిగింది. "ఆజ్ఞలు నువ్వే టైపు చెయ్. రావ్ నేర్పుతాడు. పని సక్రమంగా పూర్తయితే కొత్త గదిలో కన్సోల్ నీది. కాకపోతే, టేపులు లేని టేపుల గదికి మనిషిని ఉంచలేను. గేటు దగ్గర చెరకు బళ్ల తూకానికి ఒకరు కావాలంటున్నారు."

ఆ మాటతో లొరెయిన్ ముందు రెండే దారులు మిగిలాయి. ఒకటి కుర్చీకి, రెండోది గేటుకు.

కోటేశ్వరరావు ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఓపికగా నేర్పాడు. యూనిక్స్‌లో 'డీడీ' అనే పనిముట్టు ఉంటుంది. ఎక్కడి నుంచి చదవాలో, ఎక్కడికి రాయాలో చెబితే, మధ్యలో ఏ ప్రశ్నా అడగకుండా ఉన్నదున్నట్టు కాపీ చేస్తుంది. పాత యంత్రం అక్షరాలను ఒక రకంగా దాచేది, కొత్తది మరో రకంగా దాచుతుంది. ఆ మార్పిడి కూడా చెప్పిన మాట వింటూ డీడీయే చేసేస్తుంది. ఇక టేపుకు యూనిక్స్‌లో రెండు పేర్లుంటాయి. మొదటి పేరుతో పిలిస్తే పని కాగానే టేపు తనంతట తానే మొదటికి చుట్టుకుంటుంది. రెండో పేరుతో పిలిస్తే చదివిన చోటే ఆగి, తరువాతి పనికి ఎదురుచూస్తుంది.

"ఒక్కో టేపు మీద ఏడాదికొక ఫైలు చొప్పున కొన్నేళ్లవి వరసగా ఉన్నాయి," అన్నాడు కోటేశ్వరరావు. "కాబట్టి రెండో పేరు వాడాలి. ఒక ఏడాది చదివి ఆగుతుంది. మళ్లీ డీడీ అంటే తరువాతి ఏడాది వస్తుంది. ఇవన్నీ వరసగా జరిగేలా చిన్న స్క్రిప్టు రాశాను. టేపు పేరు అందులో మొదటి వరసలోనే ఉంటుంది, చూడండి. కాపీ అయ్యాక టేపును మళ్లీ మొదటి నుంచి చదివి, డిస్కు మీది కాపీతో సరిచూసి, సరిపోతే ‘సరి’ అని చెబుతుంది."

"రెండుసార్లు చదువుతుందా?"

"నేను రాసిన స్క్రిప్టు కదండీ."

బుధవారం మధ్యాహ్నం మొదటి టేపును ఆమె తానే తగిలించి, తానే టైపు చేసింది. కోటేశ్వరరావు చూసి, బాగుందని, పై అంతస్తులో మీటింగుకు వెళ్లాడు. మొదటి ఏడాది కాపీ అయింది. టేపు ఠక్కున మధ్యలో ఆగింది. స్క్రిప్టు ముందుకు పోయింది. మళ్లీ మధ్యలోనే ఆగింది. పద్దెనిమిదేళ్లలో ఇంత అనాగరికంగా ప్రవర్తించిన యంత్రాన్ని ఆమె చూడలేదు.

టేపులు ఎప్పుడూ ఇలాగే నలిగి పాడవుతాయని ఆమె నమ్మకం. పైగా మొదటికి చుట్టే పేరు ఒకటుందని అన్న స్వయంగా చెప్పాడాయె! పని ఆపి, స్క్రిప్టు తెరిచి, మొదటి వరసలో రెండో పేరు తీసి మొదటి పేరు పెట్టింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్కో ఏడాది కాగానే చుట్ట సర్రున వెనక్కి తిరిగి, మొదటికంటా వచ్చి, పెద్దమనిషిలా ఆగింది. లొరెయిన్‌కు ప్రాణం లేచివచ్చింది. ఈ సంగతి ఆమె కోటేశ్వరరావుకు చెప్పలేదు. దాచాలని కాదు. గుమ్మంలో అడ్డదిడ్డంగా ఉన్న చెప్పులు సర్దినవారెవరైనా ఆ సంగతి చెబుతారా?

ఏం జరుగుతున్నదో ఇక్కడే చెప్పడం న్యాయం. ప్రతిసారీ టేపు మొదటికి వస్తోంది గనక, డీడీ ప్రతిసారీ మొదటి ఏడాదినే చదువుతోంది. అదే ఏడాది వేర్వేరు సంవత్సరాల పేర్లతో డిస్కు మీద వరసగా పేరుకుంటోంది. మరి కోటేశ్వరరావు సరిచూసే ఏర్పాటు? అదీ అదే పేరుతో టేపును పిలుస్తుంది. అదీ ప్రతిసారీ మొదటి ఏడాదినే చదివి, డిస్కు మీది మొదటి ఏడాదితో పోల్చి, పూర్తి నిజాయితీతో "సరి, సరి, సరి" అంటుంది. ఒకే సాక్షిని పేరు మార్చి పదిసార్లు బోనెక్కించినట్టయింది. అద్దాల గోడకు అవతల కూర్చున్న కోటేశ్వరరావుకు చుట్ట తిరిగే శబ్దం వినపడదు. తెర మీద సరులు మాత్రం కనపడతాయి. వాటిని చూస్తే అతనికి కడుపు నిండినట్టుండేది. రెండుసార్లు సరిచూడందే నమ్మని మనిషి, సరిచూసేదాన్ని మాత్రం ఒక్కసారీ సరిచూడలేదు.

గురువారం మధ్యాహ్నానికి ఆఖరి టేపూ పూర్తయింది. హేజెల్ వచ్చి తెర చూసింది.

"అన్నీ సరేనా, రావ్?"

"ఒక్క తేడా లేదు, మేడమ్."

"సోమవారం నుంచి కన్సోల్ నీది, లొరెయిన్. కుర్చీ నీ ఎత్తుకు సరిచేయించుకో," అని హేజెల్ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ట్యూనా చేప కూర, అన్నం. సంతోషంగానే తినడం మొదలుపెట్టారు. కాని వాన లెక్కల టేపుల మాట రాగానే లెస్లీకి 1987 సెప్టెంబరు వరద గుర్తొచ్చింది. ఆ వరదలో ఇసిపింగోలో వాళ్ల వీధి మునిగింది. లొరెయిన్ కుట్టుమిషన్‌ను లెస్లీ నెత్తిన పెట్టుకుని బయటికి తెచ్చాడు. ఇంతవరకు ఇద్దరికీ ఏకాభిప్రాయం. నీళ్లెంత లోతన్నదే వివాదం.

"ఛాతీ దాకా, లోరీ. ఇదిగో, ఇక్కడి దాకా."

"మోకాళ్ల దాకా."

"మోకాళ్లా! మిషన్ నెత్తిన ఎందుకు పెట్టుకున్నాను మరి, ఫ్యాషన్‌కా?"

"మొదటి ఏడాది నడుం దాకా అన్నావు. పోయిన క్రిస్మస్‌కి కడుపు దాకా వచ్చింది. ఇప్పుడు ఛాతీ. వాన ఎప్పుడో ఆగింది లెస్లీ, నీ నీళ్లే ఇంకా పెరుగుతున్నాయి."

"సరే. నీ దగ్గర వాన లెక్కలున్నాయిగా? తీసి చూడు. మామూలు వాన కాదది. చూసొచ్చి నాకు సారీ చెప్పు."

"చూస్తా. రేపే చూస్తా."

శుక్రవారం పొద్దున ఆఫీసుకు రాగానే ఆమె చేసిన మొదటి పని అదే. 1987 ఫైలు తెరిచింది. లోపలి వరసల్లో సంవత్సరం ఉండదు. రోజు, నెల, పడిన వాన మాత్రమే ఉంటాయి. ఏ సంవత్సరమన్నది టేపు చీటీని బట్టి ఫైలుకు పెట్టిన పేరులోనే తెలుస్తుంది. సెప్టెంబరు ఆఖరి వారం దాకా దిగింది. వాన: సున్నా. మర్నాడు: సున్నా. ఆ మర్నాడు: చిన్న జల్లు.

లొరెయిన్ ముఖం వికసించింది. మోకాళ్లు కాదు, మడమలు కూడా తడవలేదు. దొరికిన సాక్ష్యం ప్రకారం అసలు వరదే రాలేదు. లెస్లీ ఎండలో కుట్టుమిషన్ నెత్తిన పెట్టుకుని ఊరేగాడు. ఆ పేజీని ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

బ్యాగు జిప్పు సగం లాగాక ఆమె చెయ్యి ఆగింది.

ఆ నీళ్లలో తనూ నడిచింది కదా. మోకాళ్ల దాకానే గావచ్చు. కాని నడిచింది. ఒక చెప్పు కొట్టుకుపోయింది కూడా.

1986 ఫైలు తెరిచింది. సెప్టెంబరు ఆఖరి వారం: సున్నా, సున్నా, చిన్న జల్లు. 1985 తెరిచింది. అవే సున్నాలు, అదే జల్లు. ఏ ఏడు తెరిచినా అదే తేదీన అదే జల్లు, చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ టేపు మీద మొదటి ఏడాది 1983. అది కరువు ఏడాదని ఉత్తర తీరంలో చెరకు వేసినవాళ్లందరికీ తెలుసు. ఆ ఒక్క కరువే ఏళ్ల పొడుగునా వరసగా నిలబడి ఉంది.

చుట్ట సర్రున వెనక్కి తిరిగే శబ్దం ఆమె చెవుల్లో మోగింది. ఎంత మర్యాదగా తిరిగింది, దిక్కుమాలినది!

అప్పుడే గేటు దగ్గర లారీ హారన్ వినిపించింది.

ఆ క్షణంలో లొరెయిన్ ఏమాలోచించిందన్న విషయంలో ఆమె మాటే మనకు ఆధారం. కుర్చీ గుర్తొచ్చిందని ఆమె ఒప్పుకుంటుంది. నోరు మూసుకుని ఊరుకుంటే పరిశోధనవాళ్లు ఈ ఫైళ్లు తెరిచేసరికి ఏళ్లు పట్టవచ్చునని, అప్పటికి డ్రైవ్ జొహానెస్‌బర్గ్‌లో ఉంటుందని, తప్పెవరిదో ఎవరికీ తెలియదని తోచిందట. చెరకు బళ్ల తూకమూ కళ్ల ముందు మెదిలిందట. ఇవన్నీ ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందని అడిగితే మాత్రం, "లారీ తలుపు తీసేంతసేపు" అంటుంది. అదేమంత ఎక్కువసేపు కాదు.

లారీ డ్రైవరు వీరా, అతని సహాయకుడు వచ్చి డ్రైవ్ వైర్లు విప్పబోతున్నారు. పక్కన హేజెల్, కోటేశ్వరరావు నిలబడి ఉన్నారు. లొరెయిన్ వెళ్లి డ్రైవ్ మీద చెయ్యి వేసింది. రింగులు గలగలలాడాయి.

"ఇది కదలకూడదు. కాపీలన్నీ తప్పు. టేపు ప్రతిసారి వెనక్కి చుట్టుకునేలా పేరు మార్చింది నేనే. అన్ని ఏళ్లూ ఒకే ఏడాది వచ్చాయి."

కోటేశ్వరరావు తెర దగ్గరికి పరుగెత్తి రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూశాడు. మూడోదీ చూశాడు. అలవాటు కొద్దీ నాలుగోదీ చూశాడు.

"తప్పు నాది మేడమ్. అన్నీ సరేనన్నది నేను."

"కాదు, నాది. పేరు మార్చింది నేను."

"మారిస్తే పట్టుకోవాలనే కదా ఆ ఏర్పాటు పెట్టింది! అది పట్టుకోలేదు. కాబట్టి నాది."

"అన్నా, నువ్వు ఊరుకో. నా తప్పు నువ్వెందుకు తీసుకుంటావు?"

వీరా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ తప్పు ఎవరిదో మీరు పంచుకోండి గాని, నాకు జొహానెస్‌బర్గ్ దారిలో వాన్ రీనెన్ కనుమ మంచు పడకముందే దాటాలి," అన్నాడు.

"ఎన్ని గంటలకు బయల్దేరితే దాటగలవు?" అడిగింది హేజెల్.

"టీ ఇస్తే మధ్యాహ్నం దాకా ఆగుతా. సమోసాలిస్తే ఇంకో గంట."

"సమోసాలు తెప్పిస్తాను." హేజెల్ ఇద్దరి వైపూ తిరిగింది. "టేపులన్నీ మళ్లీ మొదలుపెట్టండి. కుర్చీ సంగతి సోమవారం మాట్లాడదాం."

ఆ మాట ఎలా తూగుతుందో లొరెయిన్‌కు తెలియలేదు. తెలుసుకునే తీరికా లేదు. స్క్రిప్టులో రెండో పేరు తిరిగి పెట్టింది. టేపు మధ్యలో ఠక్కున ఆగినప్పుడల్లా గోడ వైపు తిరిగి నిలబడింది.

"చూడకపోతే ఎలాగండీ?" అన్నాడు కోటేశ్వరరావు.

"చూస్తే వెనక్కి చుట్టేస్తా. అందుకే చూడదు," అంది లొరెయిన్ తన వచ్చీరాని తెలుగులో.

ఈసారి ‘సరి’ని ఇద్దరూ నమ్మలేదు. ప్రతి ఏడాదినీ తెరిచి, ముందు ఏడాదితో తేడా ఉందో లేదో కళ్లతో చూశారు. వెనక్కి చుట్టే పని లేక మిగిలిన సమయమంతా అందుకే సరిపోయింది. మధ్యలో ఒక టేపు ఒక చోట చదవనని మొరాయించింది. దాన్ని దించి, లొరెయిన్ మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ ఎక్కించింది. ఆమె చేతులు ఖాళీ లేవని ఆ ఒక్క ఫైలుకు కోటేశ్వరరావు స్క్రిప్టు లేకుండా తానే డీడీ టైపు చేశాడు. బయట వీరా సమోసాలు పూర్తిచేసి లారీ చుట్టూ తిరుగుతున్నాడు. ఆ కంగారులో కోటేశ్వరరావు ఎక్కడి నుంచి అన్నచోట డిస్కు మీది పాత తప్పుడు కాపీ పేరు, ఎక్కడికి అన్నచోట టేపు పేరు రాసి, ఎంటర్ నొక్కాడు.

డీడీ ప్రశ్నలు అడగదని ముందే చెప్పుకున్నాం. మరో యంత్రశాలలోనైతే ఆ టేపు మీది ఏళ్ల లెక్కలు అక్కడితో ఆఖరు. ఇక్కడ మాత్రం తెర మీద ఒక వరస కనిపించింది: ఈ టేపు మీద రాయడం కుదరదు.

కోటేశ్వరరావు తను టైపు చేసిన వరసను చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"ఏం అయింది, అన్నా?"

"టేపును... చెరిపేయబోయాను."

లొరెయిన్ కుడిచేయి ఎత్తింది. మోచేతి దాకా పసుపు రింగులు. "నేను రింగ్ తీసింది. ఎప్పుడూ తీసింది. నీ మొహం మండ, దిక్కుమాలినోడా!"

ఆ మాటకు అర్థం తెలిసిన ఇంకో మనిషి ఆ భవనంలో లేడు. కోటేశ్వరరావు చేతులు జోడించాడు. తన జీవితంలో ఇంత సంతోషంగా తిట్లు తినలేదని తరువాత రత్నకుమారితో చెప్పాడు.

మధ్యాహ్నం దాటాక ఆఖరి టేపూ పూర్తయింది. అది మధ్యలోనే ఆగి ఉంది. కోటేశ్వరరావు కుర్చీ లోంచి లేచి, 'ఎంటీ' అనే పనిముట్టుతో టేపును మొదటికి చుట్టమనే ఆజ్ఞ ఎలా రాయాలో చూపి, "ఇది మీరే కొట్టండి" అన్నాడు. ఆమె కొట్టింది. చుట్ట సర్రున వెనక్కి తిరిగింది. లొరెయిన్ కళ్లు మూసుకుని విన్నది.

వీరా డ్రైవ్ ఎక్కించుకుని వెళ్లిపోయాడు. కనుమ మంచుకు ముందే దాటాడో లేదో తెలియదు.

సోమవారం హేజెల్ ఆమెను గదిలోకి పిలిచింది. కూర్చోమనలేదు.

"చెప్పకుండా ఆజ్ఞ మార్చావు. అది చిన్న తప్పు కాదు. నేను కుర్చీ ఇచ్చాక, లారీ గుమ్మంలో ఉండగా, తప్పని చెప్పావు. అదీ చిన్న విషయం కాదు. రెండూ శని, ఆదివారాలు తూచాను. కన్సోల్ నీదే. ఒక షరతు. ఇకమీదట ఏ ఆజ్ఞ కొట్టినా, ముందు పైకి చదివి, తరువాత కొట్టాలి. పక్కవాళ్లకు వినపడేలా."

హేజెల్ ఆ షరతు పెట్టినందుకు వారం తిరక్కుండానే చింతించిందని చెప్పడానికి ఆధారాలున్నాయి. లొరెయిన్ నియమం పట్టిందంటే పట్టిందే. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆ గదిలో ప్రతి ఆజ్ఞా, చుక్కలూ గీతలూ ఖాళీలతో సహా, చర్చిలో వాక్యం చదివినట్టు గట్టిగా వినిపించేది. అవతలి గదిలో కోటేశ్వరరావు చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసేవాడు. కుర్చీ ఎత్తు ఆమెకు కుదరలేదు. కాళ్లు నేలకు ఆనేవి కావు. సరిచేస్తామన్న కుర్రాళ్లను ఆమె దగ్గరికి రానివ్వలేదు. కుర్చీ దొరికిందే చాలని, కాళ్ల సంగతి తరువాత చూసుకుంటానని అనేది.

వరద వివాదంలో తీర్పు చెప్పవలసి ఉంది. సరైన 1987 ఫైలులో ఆ వారం పడింది మామూలు వాన కాదని లొరెయిన్ చూసింది. ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్లి, లెస్లీకి సారీ చెప్పింది. అయితే ఆ వాన కొలిచింది మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో, నీళ్లొచ్చింది ఇసిపింగోలో కనుక, లోతు గురించి ఇందులో ఏ రుజువూ లేదని కూడా చెప్పింది. ఆమె పక్షం ఇంకా మోకాళ్ల దగ్గరే ఉంది. లెస్లీ పక్షం ఆ సాయంత్రానికి భుజాల దాకా వెళ్లింది.

తరువాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. లొరెయిన్ లేచింది. అతిథులుగా వచ్చిన కోటేశ్వరరావు, రత్నకుమారి వెనక వరసలో ఉన్నారు. కుర్చీ గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చుంటుందని లెస్లీ అనుకున్నాడు. ఆమె డీడీతో మొదలుపెట్టింది. టేపుకున్న రెండు పేర్లూ వివరించింది. చుట్ట సగంలో ఆగడం గురించి చెప్పింది. సభలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాని ఆమె గొంతులో ఆవేశం ఉంది.

"ప్రతి సంవత్సరం కొత్తదనుకున్నాను. కాని నేను ప్రతిసారీ మొదటికే వెళ్తున్నాను!" అంది లొరెయిన్.

"ఆమెన్!" అన్నారు ముందు వరసవాళ్లు.

"అన్నీ సరి అని తెర చెప్పింది. అది నిజం కాదు!"

"హల్లెలూయా!"

పాస్టర్ ఆ సంగతిని అక్కడే అందుకుని, మనిషి పాత పాపం దగ్గరికే మళ్లీ మళ్లీ చుట్టుకుపోవడం గురించి అరగంట ప్రసంగించాడు. లొరెయిన్ గౌరవంగా విన్నది గాని, మధ్యలో ఒకసారి లెస్లీ చెవిలో గొణిగింది:

"వెనక్కి చుట్టడం పాపం కాదు. అన్నీ చదివాక చుట్టాలి, అంతే. ఆ సంగతి ఆయనకు ఎవరైనా చెప్పండి."

"నువ్వే చెప్పు. పైకి చదివి మరీ చెప్పు," అన్నాడు లెస్లీ, గిటారు అందుకుంటూ.

పాట మొదలైంది. సభంతా చప్పట్లు కొట్టింది. లొరెయిన్ కూడా కొట్టింది. ఆమె కుడిచేతి జాకెట్టు మడత లోంచి పసుపు రింగు ఒకటి జారి మణికట్టు మీదికి వచ్చింది. పాస్టర్ దాన్ని చూశాడు. లెస్లీ వైపు చూశాడు.

"ప్లాస్టిక్," అన్నాడు లెస్లీ, తీగలు మీటడం ఆపకుండానే.